గ్రే వుల్ఫ్ ఈగ: ఎనిమిదేళ్ళు వాడినాక నా మాట

మునగదు. గ్రే వుల్ఫ్ అంటే చేపలకి ఎరగా గాలం హుక్కుకి ఈకలు, వెంట్రుకలు కట్టి చేసే ఈగ బొమ్మ, దాని గురించి ఎవరన్నా అడిగితే నా నోట్లోంచి వచ్చే మొదటి మాట ఇదే, దాని మీద నాకున్న ప్రేమంతా ఆ మాట చుట్టూతానే తిరుగుతా ఉంటది, దాని మీద కోపం కూడా సరిగ్గా ఆ మాట కాడే మొదలైంది, అందుకే ఇదంతా రాస్తుండా. హుక్కు నంబరు, దారం రంగు లాంటివి అట్ట మీదే ఉంటాయి, చూసుకోండి.

నాది నెల్లూరు. 2015 నుంచి నాలుగేళ్ళు ఐర్లండ్‌లో గాల్వేలో ఉద్యోగం చేశా. ఊరికి ఆనుకునే లాక్ కారిబ్ అని పెద్ద సరస్సు, 170 చదరపు కిలోమీటర్ల పైమాటే, అందులో బ్రౌన్ ట్రౌట్ అనే చేప దండిగా ఉంటది. మే నెల సగం నుంచి జూన్ మొదట్లో దాకా అక్కడ మేఫ్లై లేస్తది. అడుగున బురదలో దాదాపు రెండేళ్ళు పురుగుగా బతికి, ఒకరోజు పైకొచ్చి రెక్కలు విప్పుకుని, తిండి తినే నోరు కూడా లేకుండా రెండు మూడు రోజుల్లో రాలిపోయే ప్రాణి అది. మనకి వాన పడ్డ సాయంత్రం పుట్టలోంచి ఉసుళ్ళు లేచినట్టే అనుకోండి, కాకపోతే నీళ్ళలోంచి. ఆ రెండు మూడు వారాలు ఆ చుట్టుపక్కల ఊళ్ళకి తిరునాళ్ళే. ఊక్టరార్డ్ వైపు పిలకాయలు ఒడ్డు పొదల్లో ఈగల్ని ఏరి, పెట్టెల్లో పెట్టి గాలాలోళ్ళకి అమ్మేవాళ్ళు. పొడుగు కర్రకి గాలికి ఎగిరే దారం కట్టి ఆ బతికున్న ఈగనే నీళ్ళ మీద ఆడించేవాళ్ళూ ఉన్నారు. నాకు ప్రాణమున్న ఈగని గుచ్చాలంటే మనసు రాలా, అందుకని ఈకల ఈగలు కొన్నా.

2017 మేలో గ్రే వుల్ఫ్‌లు డజను తీసుకున్నా, ఒక్కోటి రెండు యూరోల పైన. ఇంటికొచ్చి రూపాయల్లోకి మార్చి చూసుకుని రొంతసేపు గమ్మున కూర్చున్నా. దీన్ని 1930 ప్రాంతంలో లీ వుల్ఫ్ అని అమెరికా ఆయన కట్టాడు, అప్పటిదాకా మెత్తటి ఈకలతో కట్టే రెక్కల్ని ఆయన జింక తోక వెంట్రుకతో నిలబెట్టాడు. వొళ్ళు బూడిద రంగు బొచ్చు, మెడ చుట్టూ బూడిద రంగు కోడిపుంజు ఈక, మన పందేలోళ్ళు చూస్తే ఆ పుంజుని మైల అనేవాళ్ళేమో. ఆ వెంట్రుక, ఆ బిరుసు ఈక వల్ల నీళ్ళ మీద మునివేళ్ళ మీద నిలబడినట్టు నిలబడతది. అల కొట్టినా లేస్తది. చేప నోట్లో పడి జిగురంటినా, నీళ్ళలో ఒకసారి జాడించి పాత పంచె గుడ్డతో అద్దితే మళ్ళా తేలతది. అదే షాపులో బాతు ఈక రకం కూడా ఒక నాలుగు కొన్నా, చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నాయో, వాటికి తేలే జెల్లు పూస్తే ఈక అంతా అతుక్కుపోయి తడిసిన కోడిపిల్లలా అయింది. బాతు ఈకకి జెల్లు పూయకూడదంట, పొడి మాత్రమే. ఆ ముక్క అమ్మినాయన చెప్పుంటే ఆయన సొమ్మేం పోయేది.

మొదటి వారం నేను రాజునే. పగలు కొత్తగా లేచిన ఈగ రెక్కలు తెరచాపలా నిట్టనిలువుగా పెట్టుకుని నీళ్ళ మీద కొట్టుకుపోతా ఉంటది, నా గ్రే వుల్ఫ్ కూడా అట్టాగే నిలబడతది, ట్రౌట్‌కి తేడా తెలియలా. ఆఫీసులో కనపడ్డోడికల్లా ఇదొక్కటి చాలు, ఇంకేం కొనమాకండి అని చెప్పా. ఇప్పుడు తల్చుకుంటే రొంత సిగ్గేస్తది.

ఆ మే ఆఖర్లో ఒక సాయంత్రం. గాలి లేదు, సరస్సు నూనె పోసినట్టు ఉంది. అక్కడ ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురుంటది. పడవ నడిపే పెద్దాయన ఒడ్డు చెట్ల వైపు చూపించాడు, చెట్ల పైన ఈగలు గుంపులు గుంపులుగా లేస్తా దిగుతా డాన్సు చేస్తన్నాయి. రొంతసేపటికి ఆడ ఈగలు సరస్సు మీదికొచ్చి గుడ్లు పెట్టి, రెక్కలు రెండు పక్కలకీ పరుచుకుని నీళ్ళ మీదే పడిపోతన్నాయి. ఇక చూడండి, మా చుట్టూ గుండ్రాలే గుండ్రాలు. చేప మూతి బయటపెట్టి సుతారంగా, చప్పుడు కూడా లేకుండా పీల్చేస్తంది. నేను ఏ గుండ్రం కనపడితే ఆ గుండ్రం మీదికి వుల్ఫ్ వేశా. వేసిన ప్రతిసారీ అది పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడింది. ఒక పెద్ద చేప కిందనుంచి వచ్చింది, నాకు దాని వీపు కనపడింది, మూతి ఈగకి జానెడు దూరంలో ఆపింది, చూసింది, తోక తిప్పుకుని పోయి పక్కనే చచ్చిపడున్న నిజం ఈగని తిన్నది. అట్టా రెండు గంటలు. దారం లావైందేమో అని సన్నది కట్టా, ముడి బాలేదేమో అని మళ్ళా వేశా, మునుగుతందేమో అని ఇంకా జెల్లు పూశా. పెద్దాయన ఫ్లాస్కులో టీ తాగతా ఏం మాట్లాడడు.

ఇక నావల్ల కాక కర్ర కింద పెట్టినాక, ఈగ ఇటివ్వు అన్నాడు. వెల్లకిలా తిప్పి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, జేబులోంచి చిన్న కత్తెర తీసి కడుపు కిందున్న ఈకంతా కచ్ కచ్‌మని కత్తిరించేశాడు. రెండు యూరోల ఈగ సామీ! గుండు కొట్టించుకుంటున్న పిలకాయని చూసే తల్లిలా చూశా నేను. అంతటితో ఊరుకోలా, నిలబడున్న రెక్కల్ని గోటితో చెరో పక్కకీ వంచి, జెల్లు పోయేదాకా నీళ్ళలో రుద్దిచ్చాడు. వేశా. ఈసారి అది నిలబడలా, బోర్లా పడి నీటి పొరకి అంటుకుపోయింది, ఈగ యాడుందో నాకే కనపడలా. మూడో వేటుకి అది ఉందనుకున్న చోట చిన్న గుండ్రం లేచింది. చేప తల కిందికి తిప్పేదాకా లాగమాకు అన్నాడాయన, ఆ ఒక్క క్షణం ఆగడానికి నాకు ఊపిరాగినంత పనైంది. కిలోకి రొంత తక్కువ తూగింది. చీకటి పడేలోపు ఇంకోటి. (ఆ చేపని గాల్వేలో పులుసు పెట్టా, మామిడికాయ దొరకలా, ట్రౌట్ కండ మన చేపలా కాదు, గరిటె తగిలితే విడిపోతది. రూమ్మేట్ బాగుందనే అన్నాడు, వాడిది కృష్ణా జిల్లా, వాడి మాట నేను నమ్మను.)

అంటే ఏంటంటే, మునగదు అని నేను నెత్తిన పెట్టుకున్న గుణమే ఆ సాయంత్రం నన్ను ముంచింది. ఆ రోజు చేప కూర్చునున్న ఈగని వెతకడంలా, పడుకునున్నదాన్ని వెతుకుతంది. అప్పుడు నా ఈగ ఎంత బాగా తేలితే అంత అబద్ధం. ఇది అమ్మేవాళ్ళు చెప్పరు, అట్ట మీద అయితే అసలు ఉండదు.

2019లో వచ్చేసేటప్పుడు డజనులో ఆరు మిగిలినాయి, పెద్దాయన కత్తిరించింది కూడా వాటిల్లోనే. పెట్టె బీరువాలో పెట్టి మర్చిపోయా. రెండేళ్ళ తర్వాత తీస్తే ఒక హుక్కు తుప్పు పట్టింది, తడి ఆరకుండా పెట్టుంటా, ఆ తప్పు నాదే. రెండింటికి పురుగు మెడ ఈకని సగం కొట్టేసింది, జింక వెంట్రుక మాత్రం చెక్కుచెదరలా. బాతు ఈకవి మొత్తం పొడి పొడి. మన ఉక్కపోతకి ఈకల సామాను పెట్టుకునేవాళ్ళు పట్టుచీరల్ని చూసుకున్నట్టు చూసుకోవాలి, ఎండబెట్టాలి, రెండు నెల్లకోసారి తీసి దులపాలి.

ఆ అక్టోబరులో ఆత్మకూరు వైపు మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయుంటే మొదటి వాన పడి సాయంత్రానికి తెరపిచ్చింది. వీధి లైటు కింద ఉసుళ్ళు కుప్పలు. చెరువు మీద కూడా పడి రెక్కలు పరుచుకుని కొట్టుకుంటన్నాయి, పరిగెలు ఎగిరెగిరి తింటన్నాయి. నాకు కారిబ్ గుర్తొచ్చింది. కర్ర తీసుకుని పరిగెత్తా. మామ అప్పటికే వెదురు గెడకి వానపాము గుచ్చి కూర్చునున్నాడు.

"ఏందబ్బయ్యా అది, చేపలకి ఈకలు పెడతావా?"

"ఈక కాదు మామా, ఉసిలి అనుకో."

మామూలు వుల్ఫ్ గాలికి దొర్లి దొర్లి పోయింది, ఒక్కటి కూడా ముట్టలా. ఇంకోసారి వెనక్కి విసిరితే కట్ట మీద తుమ్మ కంపకి పట్టుకుంది, అది అక్కడే ఉంది ఇప్పటికీ. పెద్దాయన కత్తిరించింది కట్టా. పరిగెలు ముక్కుతో పొడవడమే గానీ వాటి నోరు ఆ హుక్కుకి చాలదు. ఒక తిలాపియా పడింది, అరచెయ్యంత. తర్వాత తామరాకుల పక్కన నీళ్ళు బుడుంగుమన్నాయి, కర్ర వంగింది, కొరమీను అది, చూశా, మూడు సెకన్లలో సన్న దారాన్ని పళ్ళతో తెంపుకుని పోయింది, ఈగతో సహా. మామకి అప్పటికి పులుసుకి సరిపడా పడినాయి. నా వైపు చూసి, "పోనీలే, దానికి గొంతులో ఈక ఇరుక్కుంటదిలే" అన్నాడు.

కొనొచ్చా అంటే, మేఫ్లై లేచే సరస్సు పక్కన ఉంటే, పగటి పూట పోతే, కళ్ళు మూసుకుని కొనండి. సాయంత్రాలకే కుదిరే ఉద్యోగమైతే రెండు ఎక్కువ తీసుకుని చిన్న కత్తెర జేబులో వేసుకోండి, లేదంటే రెక్కలు పరిచి కట్టినవే విడిగా అమ్ముతారు, కత్తిరించడానికి నాలాగా ప్రాణం ఒప్పనివాళ్ళు అవి తీసుకోండి. మన చెరువులకైతే ఇంత సైజుది కొనమని నేను చెప్పలేను, కొరమీనుకి పోయేవాళ్ళు రబ్బరు కప్పలు వాడతారు, వాళ్ళ మాటే వినండి. నేను వాడతానే ఉండా, అది మటుకు నా పిచ్చి.

నా కాడ ఇంకా నాలుగున్నాయి. తుప్పు పట్టినదాని హుక్కు రుద్ది పెట్టా. పురుగు కొట్టినవి రెండూ నీళ్ళలో వేసి చూస్తే సరిగ్గా పెద్దాయన కత్తిరించినట్టే బోర్లా పడుకున్నాయి, కత్తెర పని తప్పింది. దారం మటుకు ఈసారి లావుది కొన్నా. ఉసుళ్ళు లేచిన రోజు ఫోన్ చేస్తానన్నాడు మామ.