కోపానికి ఎనిమిది సిట్టింగుల కౌన్సెలింగ్: హనుమకొండలో నా అనుభవం

నాకు 43 ఏళ్లు. హనుమకొండలో ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు. మార్చిలో ఒక రాత్రి కూర చల్లారిందని స్టీలు చెంబు గోడకేసి కొట్టాను. ఎవరికీ తగల్లేదు. మా పాప మాత్రం లేచి, ఆ చెంబు తీసి, సొట్ట కనిపించకుండా గోడవైపు తిప్పి పెట్టింది. నాకిక నిద్ర పట్టలేదు. 14416కి ఫోన్ చేశాను. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ అది. ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు. తెలుగులోనే ఓపిగ్గా విన్నారు, కౌన్సెలర్‌ని నేరుగా కలవమన్నారు.

ఊళ్లోనే ఒక ప్రైవేటు సెంటర్‌కి వెళ్లాను. ముప్పావు గంటకి 800 రూపాయలు. కోపం వచ్చిన ప్రతిసారీ ఏం జరిగింది, మనసులో ఏమనుకున్నాను, కోపం పదికి ఎంత, ఈ మూడూ రాయమన్నారు మేడమ్. మూడు వారాల తర్వాత నోట్‌బుక్కు తిరగేస్తే పేజీ పేజీకీ ఒకటే మాట: ‘నన్నెవరూ లెక్కచేయట్లేదు’. ఇంటర్ ఫెయిలైన రోజు నుంచి నన్ను నేను తక్కువగానే చూసుకుంటున్నానని అప్పుడు అర్థమై, అక్కడే ఏడ్చేశాను.

ఆ తర్వాత రోజూ రాత్రి ఆ రోజు బాగా చేసిన పని ఒకటి రాయమన్నారు. మొదటి రోజు ఏమీ తోచలేదు. రెండో రోజు రాశాను: పరకాల రైతు తెచ్చిన బేరింగ్ మీద నంబరు చెరిగిపోయింది. కొలిచి చూసి 6205 అని చెప్పి, సరైనది ఇచ్చాను. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే. దాన్ని గొప్పగా నేనెప్పుడూ అనుకోలేదు.

ఒక్కటి నచ్చలేదు. రిసెప్షన్‌లో అందరి ముందూ “కోపం గురించి వచ్చింది మీరేనా?” అని గట్టిగా అడిగారు. మన వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. నోట్‌బుక్కులో 7 వేసుకుని, లోపలికెళ్లి మేడమ్‌కి నెమ్మదిగా చెప్పాను. ఇప్పుడు టోకెన్ నంబరుతో పిలుస్తున్నారు.

ఎనిమిది సిట్టింగులయ్యాయి. కోపం ఇంకా వస్తోంది, కానీ అంకెలు తగ్గాయి. చెంబు మళ్లీ విసరలేదు. చివరి సిట్టింగుకి మా ఆవిడ కూడా వచ్చింది, నాకంటే ఎక్కువ తనే మాట్లాడింది. వీలైతే మీరు రెండో సిట్టింగుకే ఇంట్లోవాళ్లని తీసుకెళ్లండి. సాయంత్రం అపాయింట్‌మెంట్ కావాలంటే వారం ముందే చెప్పుకోవాలి.