ముహూర్తం వేళ టామ్రాన్ 35-150: బెంగళూరు పెళ్ళి మండపాల్లో దీర్ఘకాల వాడకం తర్వాత

పెళ్ళి వీడియోల కోసం లెన్స్ కొనాలనుకునేవారు మొదట అడిగేది అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) ఎంత అని. బెంగళూరులోని తెలుగు కుటుంబాల పెళ్ళిళ్ళలో టామ్రాన్ కంపెనీ 35-150 ఎంఎం జూమ్ లెన్స్‌ను సోనీ ఏ7 ఫోర్ కెమెరాపై కొన్నేళ్ళుగా వాడుతున్న నాకు మాత్రం, ముహూర్తం వేళకు మనల్ని ఎక్కడ నిలబడనిస్తారన్నదే ముందు తేల్చుకోవలసిన విషయంగా కనిపిస్తుంది. పీటల ముందు పురోహితులు, పక్కన ఇరువైపుల తల్లిదండ్రులు, వారి వెనుక ఫోన్లు ఎత్తి పట్టుకున్న బంధువులు, అందరికంటే ముందే చోటు సంపాదించుకుని తంతు మొత్తాన్నీ తీసే ట్రెడిషనల్ వీడియో ఆయన, ఇంతమందీ కుదురుకున్నాక మనకు మిగిలేది మండపం మెట్ల దగ్గర ఒక మూల మాత్రమే. ఆ మూల నుంచి కదలకుండా పని జరిపించే లెన్స్ ఏదన్నదే ఇక్కడి ప్రశ్న.

2021లో వచ్చిన ఈ లెన్స్‌ను ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్ కెమెరాల కోసం తయారు చేశారు. బరువు 1165 గ్రాములు, ఫిల్టర్ కొలత 82 ఎంఎం. వధూవరుల నుంచి నాలుగు మీటర్ల దూరంలో నిలబడినప్పుడు జూమ్ 35 ఎంఎం దగ్గర ఉంటే సుమారు నాలుగు మీటర్ల వెడల్పు ఫ్రేములోకి వస్తుంది కనుక పీటలతో పాటు తల్లిదండ్రులు, పురోహితుడు కూడా పడతారు. అక్కడి నుంచే 150కి తిప్పితే వెడల్పు మీటరుకు లోపే ఉంటుంది, అంటే రెండు ముఖాలే మిగులుతాయి. 24-70 లెన్స్‌తో అదే చోటి నుంచి 70 దగ్గర కూడా రెండు మీటర్ల వెడల్పు వస్తుంది గనుక కళ్ళలోని భావం దొరకదు. 70-200తో మొదలుపెడితే ఆ రెండు మీటర్లే మన గరిష్ఠ వెడల్పు, పెద్దలందరూ ఫ్రేము బయటే ఉండిపోతారు. జీలకర్ర బెల్లానికీ మాంగల్యధారణకూ నడుమ లెన్స్ మార్చుకునే పని తప్పించడమే ఈ 35-150 చేసే అసలు మేలు.

తెలుగు పెళ్ళిలో ముహూర్తమంటే జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ. నడుమ అడ్డుతెర, దానికి అటూ ఇటూ వధూవరులు, తమలపాకులో ఉంచిన ముద్దను ఒకరి తలపై ఒకరు పెట్టే చేతులు, ఆ వెంటనే తెర దిగడం, ఇద్దరూ కళ్ళెత్తి చూసుకోవడం, సన్నాయి, డోలు ఒక్కసారిగా జోరందుకోవడం, నాలుగు వైపుల నుంచీ అక్షింతలు. ఏ పురోహితుణ్ణీ ‘అయ్యా, ఇంకోసారి పెట్టించండి’ అని అడగలేము. తెర ఉన్నంతసేపు నేను 50 దగ్గర ఉండి, చేతులు తలల మీదికి వెళ్ళేటప్పుడు 100కు, తెర దిగే లోపు 135కు చేరుకుంటాను. జూమ్ రింగ్ కొంచెం బరువుగా తిరుగుతుంది కనుక తిప్పుతున్నప్పటి దృశ్యం వాడుకోవడానికి పనికిరాదు. ఆ భాగాన్ని ఎడిటింగ్‌లో తీసేసి రెండో కెమెరా దృశ్యంతో పూరించుకోవాలి.

ఆటోఫోకస్ వేగంగా, చప్పుడు లేకుండా పని చేస్తుంది. అయితే పెళ్ళిలో వేగమే కొన్నిసార్లు చేటు. లెన్స్ ముందు నుంచి రాలే అక్షింతల వెంట, అడ్డంగా లేచిన మేనమామ భుజం వెంట, హోమం పొగ వెంట ఫోకస్ పరుగెత్తితే ముహూర్తం అంతా మసకబారుతుంది. అందుకని కెమెరాలో ఫోకస్ ఒకరి నుంచి మరొకరికి మారే సున్నితత్వాన్ని అయిదింటిలో 2 దగ్గర, ఫోకస్ కదిలే వేగాన్ని ఏడింటిలో 4 దగ్గర పెడతాను. పెళ్ళికూతురు తల వంచుకుని ఉన్నప్పుడు బాసికం, పూలజడ, పాపిడి బిళ్ళ మధ్య కెమెరాకు కన్ను దొరకకపోవడం లెన్స్ లోపం కాదు. అలాంటప్పుడు లెన్స్ మీది బటన్‌తో ఫోకస్‌ను అక్కడికక్కడే ఆపేయడం సుఖం. ఈ లెన్స్‌కు అలాంటి బటన్లు మూడు ఉండడం వల్ల కెమెరాను ఏ వైపు పట్టుకున్నా వేలికి ఒకటి అందుతుంది.

ఇక అపర్చర్ సంగతి. ప్రకటనల్లో పెద్దక్షరాల్లో కనిపించే ఎఫ్ 2 (ఈ అంకె ఎంత తక్కువైతే అంత ఎక్కువ వెలుగు) వెడల్పు వైపు మాత్రమే దొరుకుతుంది, 80 చేరేసరికి అది 2.8 అవుతుంది. ఫోటోలకు ఇది ఇబ్బంది కాదు. వీడియోలో మాత్రం ఎఫ్ 2తో మొదలుపెట్టి జూమ్ చేస్తే కళ్ళ ముందే ఒక స్టాప్ వెలుగు, అంటే సగం, తగ్గిపోతుంది. కాబట్టి 2.8 దగ్గర బిగించి, ఆ అంకెను బట్టే లెన్స్ కొనాలి. ముహూర్తానికి అంతకంటే తెరవవలసిన అవసరం కూడా నాకు కనబడలేదు. 85 ఎంఎం ప్రైమ్‌ను (జూమ్ లేని లెన్స్‌ను) ఎఫ్ 1.8 వద్ద రెండు మీటర్ల నుంచి వాడితే స్పష్టంగా ఉండే లోతు దాదాపు ఆరు సెంటీమీటర్లే. వరుడు ముందుకు వంగి మూడు ముళ్ళు వేస్తుంటే, వెనుక ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంటే, ముడిపై ఫోకస్ ఉన్నంతసేపు వధువు ముఖం మసకగానే ఉంటుంది. వెనుక దృశ్యం కరిగిపోవడం సినిమావాళ్ళకు అందం కావచ్చు గానీ, పెళ్ళివారికి ముడీ కావాలి, ముఖమూ కావాలి, వెనుక నిలబడ్డ పెద్దమ్మ కూడా గుర్తుపట్టేటట్లు ఉండాలి. వెలుగు విషయానికొస్తే, మనం లోలోపల విసుక్కునే ఆ ట్రెడిషనల్ ఆయన లైటే ముహూర్తంలో మనకు దిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక సెకనుకు 25 ఫ్రేములతో, షట్టర్ 1/50 మీద ఉంచితే హాలు దీపాల మినుకు కూడా చాలావరకు రాదు.

లోపాలు చిన్నవి కావు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును తగ్గించే ఏర్పాటు) లేదు. కెమెరాలో ఉన్నది 150 దగ్గర చేతి వణుకును పూర్తిగా ఆపలేదు కనుక మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) తప్పనిసరి. జూమ్ చేస్తే గొట్టం ముందుకు సాగుతుంది. కెమెరా 658 గ్రాములు, లెన్స్ 1165 గ్రాములు కలిపితే రెండు కిలోలు మోసే డీజేఐ ఆర్ఎస్ 3 మినీ గింబల్‌కు (కెమెరాను కుదుపు లేకుండా పట్టే మోటారు పిడికి) కాగితం మీద సరిపోయినా, 35 దగ్గర సరిచూసిన తూకం 100 దగ్గర నిలవదు. ఫోకస్ మారేటప్పుడు ఫ్రేము కొద్దిగా పెరిగి తగ్గడాన్ని సరిదిద్దే సోనీ సదుపాయం కొన్ని సోనీ లెన్సులకే పరిమితం, దీనికి వర్తించదు. అన్నిటికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది తలంబ్రాలు. స్లో మోషన్ కోసం ఏ7 ఫోర్‌ను 4కే 50 ఫ్రేములకు మారిస్తే కెమెరా సెన్సర్ నడిమి భాగాన్నే వాడుకుంటుంది, 35 కాస్తా 52 లాగా పని చేస్తుంది, తల మీదుగా ఎగిరే ముత్యాల్లాంటి బియ్యం ఫ్రేము పైనుంచి తెగిపోతుంది. సోనీ ఏ7ఎస్ త్రీ కెమెరా వాడేవారికి ఈ బాధ లేదు.

అందుకే గింబల్ మీద ఎప్పుడూ 373 గ్రాముల సోనీ 20 ఎంఎం ఎఫ్ 1.8 ఉంటుంది. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో జరిగే నిశ్చితార్థాలకు, ఓణీ ఫంక్షన్లకు 35 ఏ మూలకూ చాలదు. వెనక్కి జరుగుదామంటే గోడ వస్తుంది. ముందురోజు సాయంత్రం పెట్టే రిసెప్షన్లలో మాత్రం 35-150 హాయిగా పని చేస్తుంది. వేదిక పక్కనుంచి వరుసలో వచ్చే బంధువుల నవ్వులు ఎవరికీ అడ్డు రాకుండా దొరుకుతాయి. పళ్ళెంలో అక్షింతల మీద ఉంచిన పుస్తెలను దగ్గరగా చూపాలంటే ఇది చాలదు, 90 ఎంఎం మాక్రోను (అతి దగ్గర నుంచి తీసే లెన్స్‌ను) ఆ ఒక్కరోజుకు అద్దెకు తెచ్చుకోవడమే నయం.

దేవనహళ్ళి వైపు రిసార్టుల్లో పగటి పెళ్ళిళ్ళకు వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్ (తిప్పుతూ వెలుగును తగ్గించుకునే నల్లటి అద్దం) అవసరం. 82 కొలతలో ఒక మంచిది కొని, మిగిలిన లెన్సులకు స్టెప్-అప్ రింగులు (చిన్న లెన్స్‌కు పెద్ద ఫిల్టర్ బిగించేవి) వాడుకోవచ్చు. అయితే బాగా చీకటి వైపు తిప్పినప్పుడు 20 ఎంఎం మీద ఆకాశంలో అడ్డంగా నల్లని నీడలు పడతాయి, చూసుకోవాలి.

లక్ష రూపాయలు దాటే ఈ లెన్స్‌ను ఇద్దరు కెమెరామన్లుగా పని చేసే జట్టుకు నిస్సంకోచంగా చెబుతాను. ఒక్కరే, ఒక్క కెమెరాతో, ఎక్కువగా గుడి పెళ్ళిళ్ళూ ఇంటి శుభకార్యాలూ చేసేవారు దీని జోలికి వెళ్ళకుండా అదే కంపెనీ 28-75 రెండో తరం లెన్స్ తీసుకోవడం మేలు. అది 540 గ్రాములే, గింబల్ మీద ఒదుగుతుంది, మొదటి నుంచి చివరి వరకు 2.8 మారదు, ఫిల్టర్ కొలత కూడా 20 ఎంఎంతో సమానంగా 67 కనుక ఒకే ఎన్‌డీ రెండింటికీ రింగు లేకుండా సరిపోతుంది.