మేకపిల్లకి పాలు పట్టే ఎర్ర రబ్బరు నిపుల్, మూడు వారాలు వాడాక చెప్తున్నా

మా మేక ఒకే ఈతలో మూడు పిల్లల్ని పెట్టింది, మూడోది మరీ బక్కది, పొదుగు దగ్గరికి పోతే చాలు తల్లి కొమ్ములతో నెట్టేసేది. దానికోసమే తీసుకున్నా ఈ నిపుల్. మామూలు కూల్‌డ్రింక్ బాటిల్‌కి బిగించేసుకోవచ్చు, వేరే సీసా అక్కర్లేదు.

ముందే చెప్తున్నా, ఇది చిల్లు లేకుండా వస్తుంది, కొస మనమే కత్తిరించుకోవాలి. నేను కంగారులో ఎక్కువ కోసేశా, బాటిల్ వంచగానే ధార కట్టి పిల్లకి పొలమారింది, ముక్కులోంచి పాలొచ్చాయి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది కదా, ఆ రాత్రంతా దాని డొక్క మీద చెవి పెట్టి ఊపిరి వింటూ కూర్చున్నా. రెండో నిపుల్‌కి బ్లేడుతో చిన్న గాటే పెట్టా, తలకిందులు చేస్తే చుక్క చుక్కగా పడాలి అంతే. బాటిల్ లోపలికి గాలి పోవడానికి అడుగున బాల్ వాల్వ్ (చిన్న గుండు ఉన్న గాలి రంధ్రం) ఉంది కాబట్టి రబ్బరు అణిగిపోదు, పిల్ల ఆగకుండా చీకుతుంది, ఇది మాత్రం చాలా బాగుంది. కాకపోతే ఆ బాల్ దగ్గర పాల జిడ్డు పేరుకుంటుంది, ప్రతిసారీ వేడినీళ్ళతో కడగాల్సిందే.

ముర్రుపాలు తల్లి దగ్గర పిండి మొదటి గంటల్లోనే పట్టెయ్యాలి. పిల్ల ఒళ్ళు చల్లగా ఉంటే ముందు వెచ్చబెట్టాకే పాలు. నోట్లో వేలు పెడితే చీకాలి, చీకలేకపోతే ఏ నిపుల్ పనిచెయ్యదు, డాక్టర్‌కి చూపించండి. పాలు 39 డిగ్రీల దగ్గర ఉండాలి, దాని ఒంటి వేడి అంత. వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, నిలబెట్టి మెడ పైకి చాపనివ్వాలి.

మొదటి రెండ్రోజులు నాలుగు గుక్కలు తాగి తల వాల్చేసేది. మూడో రోజు అర్ధరాత్రి, రబ్బరు పెదాలకి తగలగానే తోక టపటపా ఊపేసి బాటిల్‌ని తలతో కుమ్మింది, పొదుగుని కుమ్మినట్టే, నాకు ఏడుపొచ్చేసింది. ఇప్పుడు బాటిల్ కడిగే చప్పుడికే అరుస్తుంది, తాగాక గడ్డం మీద పాల నురగతోనే నా మోకాళ్ళ సందులో తల పెట్టుకుని నిద్రపోతుంది.

మూడు వారాలకి రబ్బరు కొస చీలింది, నములుతూనే ఉంటుంది మరి, అందుకే స్పేర్ పెట్టుకోండి. నాలుగు స్టార్లు, ఒకటి తగ్గించింది చిల్లు గురించి ప్యాకెట్ మీద ఒక్క ముక్క కూడా రాయనందుకు.