రెండు ఆఫ్ సీజన్లు స్వర్వ్‌తో వేగాక

రోబో పోటీలు లేని నెలల్లో స్వర్వ్ (ప్రతి చక్రం విడిగా ఎటైనా మొహం తిప్పే డ్రైవ్) చేద్దామని మా టీమ్ పిల్లలు పట్టుబట్టారు. ఆరు చక్రాల ట్యాంక్ డ్రైవ్ (ఎడమ, కుడి చక్రాల వేగం తేడాతో మలుపు తిరిగేది) లక్షణంగా నడుస్తుంటే ఈ తలనొప్పి ఎందుకని నేను గొణిగాను. రెండు ఆఫ్ సీజన్లు వాడాక నా మాట ఇది: నడపడానికి హాయి, సాకడానికి కష్టం.

నాలుగు మూలలా నాలుగు మాడ్యూళ్లు, అంటే చక్రం, మోటార్లు కలిసిన యూనిట్లు. ఒక్కో మాడ్యూల్‌కి రెండు మోటార్లు. ఒకటి చక్రాన్ని దొర్లిస్తుంది, ఇంకోటి దాని మొహం తిప్పుతుంది. మొత్తం ఎనిమిది. బండి ఎంత తిరిగిందో చెప్పే గైరో సెన్సర్ కూడా ఉంటే, బండి ముక్కు ఎటున్నా జాయ్‌స్టిక్ నెట్టిన వైపే పోతుంది. ట్యాంక్ మీద వారాలు తడబడిన అమ్మాయి దీన్ని ఒక్క సాయంత్రంలో పట్టేసింది.

అసలు గోల తర్వాత మొదలైంది. నేరుగా పొమ్మంటే బండి ఎడమకు లాగేది. కోడ్ రాసిన కుర్రాణ్ణి రెండు రోజులు అందరం కలిసి వాయించాం, పాపం. తీరా మాడ్యూల్ విప్పి చూస్తే, షాఫ్ట్ కొసన ఉండే ఎన్‌కోడర్ (తిరిగిన కోణం కొలిచే సెన్సర్) అయస్కాంతం జిగురు వదిలేసి గోటితో తాకితే తిరుగుతోంది! చక్రం ఎటు చూస్తోందో చెప్పేది ఆ చిన్న బిళ్లే. అది జారుతున్నంత కాలం చక్రాలను నేరుగా నిలిపి ఎన్నిసార్లు జీరో చేసినా మర్నాటికి మళ్లీ మొదటికే. గట్టిగా అంటించి, బిళ్ల మీంచి షాఫ్ట్ మీదకు మార్కర్‌తో గీత గీశాం. ఇప్పుడు బండి దింపేముందు ఆ గీత తెగిందేమో చూస్తాం.

చక్రాల అరుగుదల ఇంకో దొంగ. 4 అంగుళాల చక్రం అంటే దాదాపు 102 మిల్లీమీటర్లు. వ్యాసంలో 3 మిల్లీమీటర్లు అరిగితే, ఆటోనమస్‌లో, అంటే డ్రైవర్ లేకుండా కోడే నడిపేటప్పుడు, 10 మీటర్లు వెళ్లాల్సిన బండి దాదాపు 30 సెంటీమీటర్లు ముందే ఆగిపోతుంది. క్యాలిపర్‌తో కొలిచి కోడ్‌లో అంకె మార్చుకోవాల్సిందే. మాడ్యూల్‌లోని బెవెల్ గేర్లలో (ఏటవాలు పళ్ల చక్రాల్లో) చిక్కుకునే కార్పెట్ పోగుల సంగతి సరేసరి.

మధ్యలో మెకానమ్ చక్రాలు (అంచు చుట్టూ చిన్న రోలర్లు ఉండేవి) కూడా బిగించి చూశాం. రోలర్లు 45 డిగ్రీల ఏటవాలులో ఉంటాయి కాబట్టి పక్కకు పోతుంది, నిజమే. కానీ ఎవరైనా నెడితే నిలబడదు, ఒక చక్రం కాస్త లేచినా దారి తప్పుతుంది. నాకు నచ్చలేదు.

కొత్త టీమ్ అయితే ట్యాంక్‌తోనే మొదలుపెట్టండి. మధ్య చక్రాలను ఓ 3 మిల్లీమీటర్లు కిందికి దించితే మలుపుల్లో చక్రాలు ఈడ్చుకోవు. మాడ్యూల్ ఓపిగ్గా విప్పి బిగించే చేతులు కనీసం రెండు జతలు ఉంటే స్వర్వ్‌కి దిగొచ్చు, అదీ ఆఫ్ సీజన్‌లోనే.

మా పాత ట్యాంక్ ఛాసిస్‌ని ఇంకా విప్పలేదు. కొత్త ఆర్మ్ ఏదైనా అర్జెంటుగా పరీక్షించాలంటే అటకమీంచి దాన్నే దింపుతాం. చెయిన్ బిగువు చూసి, బ్యాటరీ తగిలిస్తే కదిలిపోతుంది.