ఆల్జీబ్రా 1 ఏడులోనా, ఎనిమిదిలోనా?

ఇక్కడ టెక్సస్‌లో, లెక్కల్లో చురుకైన పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఆరో తరగతి చివర్లో ఒక టెన్షన్ మొదలవుతుంది. ఆల్జీబ్రా 1, అంటే హైస్కూల్ బీజగణితం మొదటి కోర్సు, ఏడులోనే పెట్టించాలా, ఎనిమిది దాకా ఆగాలా? మా ఇంట్లో రెండూ చూశాం. అమ్మాయి ఏడులో చదివింది, తమ్ముడు ఎనిమిదిలో.

ఎనిమిదిలో మొదలుపెడితే తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా 2, పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో ఏపీ కాల్క్యులస్ (ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు). ఏడులో మొదలుపెడితే కాల్క్యులస్ పదకొండులోనే అయిపోతుంది. ఎనిమిది అంటే వెనకబడటం కాదు. 2023లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో చేరుస్తారు. ఆ దారి ఉద్దేశం కూడా ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 చదివించడమే.

మనలో చాలామంది "మేం ఇంటర్ ఫస్టియర్‌లోనే లిమిట్స్ చేశాం కదా" అంటారు. నిజమే, లిమిట్స్ కాల్క్యులస్‌కు తొలిమెట్టే, అది ఇక్కడి పదకొండో తరగతి వయసే. కానీ మనకు బీజగణితం, రేఖాగణితం ఏటా కలిసే నడిచాయి. ఇక్కడ ఆల్జీబ్రా 1 తర్వాత ఒక ఏడాదంతా జామెట్రీ. ఆ ఏడాదిలో ఆల్జీబ్రా చేయి తప్పుతుంది.

మా అమ్మాయికి జరిగింది అదే. ఏడులో ఏ గ్రేడ్ వచ్చింది, మేం సంతోషించాం. తొమ్మిదిలో ఆల్జీబ్రా 2 వచ్చేసరికి భిన్నాల్లో పైనా కిందా ఒకేలా కనిపించిన పదాల్ని కొట్టేయడం మొదలుపెట్టింది. గుణకారంలో ఉంటేనే కొట్టేయాలి, కూడికలో ఉంటే కుదరదు అన్నది తన బుర్రలో నిలవలేదు. పన్నెండేళ్లకు పద్ధతి వచ్చింది, కారణం రాలేదు. ఆ ఏడాది రాత్రిళ్లు డైనింగ్ టేబుల్ దగ్గర పాత పాఠాలే మళ్లీ చెప్పుకున్నాం. తను ఏడ్చిన రోజులున్నాయి. అవి గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తొందర దారిలో లాభం లేదని అనను. పన్నెండులో కాల్క్యులస్ వాడి చేసే ఏపీ ఫిజిక్స్ సీ తీసుకునే నాటికి కాల్క్యులస్ చేతిలో ఉండటం పెద్ద బలం. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో మల్టీవేరియబుల్ కాల్క్యులస్ చదివే వీలుంటే ఇంకా మంచిది. ఏపీ కాల్క్యులస్‌లో ఏబీ, దాన్ని మించిన బీసీ అని రెండు కోర్సులుంటాయి; మన హైస్కూల్లో బీసీ తర్వాత ఏముందో ముందే అడగాలి. ఇంకో సంగతి: చాలా డిస్ట్రిక్టుల్లో మిడిల్ స్కూల్లో చదివిన ఆల్జీబ్రా 1 హైస్కూల్ క్రెడిట్‌గా ట్రాన్‌స్క్రిప్ట్‌లోకి (మార్కుల రికార్డులోకి) ఎక్కుతుంది. కొన్నిచోట్ల జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో, కూడా కలుపుతారు. ఇది కౌన్సెలర్‌ని అడిగి తేల్చుకోవాలి.

మూడో దారి, వేసవి సెలవుల్లో జామెట్రీ ముగించేయడం. కోర్సు చదవకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవాలంటే 80 శాతం రావాలి. కష్టపడితే వస్తుంది. అయినా నేను వద్దనే చెబుతాను. నిరూపణ రాయడం పిల్లలు మొదటిసారి నేర్చుకునేది జామెట్రీలోనే. ఆరేడు వారాల హడావిడిలో ముందు పోయేది అదే.

నా ఓటు ఎనిమిదికే. పిల్లలు తమంతట తామే ముందు పాఠాలు చదివేసి, "ఇది ఎందుకిలా?" అని వెంటపడుతుంటే మాత్రం ఏడులో పెట్టండి. వాళ్లని ఆపడం అన్యాయం. ట్యూషన్‌తో నెట్టుకొచ్చే వేగమైతే వద్దు. ఎనిమిదిలో మొదలుపెట్టినా ఏబీ చదవకుండా నేరుగా బీసీకి వెళ్లే వీలు చాలా స్కూళ్లలో ఉంది. బీసీలో ఏబీ సిలబస్ మొత్తం ఉంటుంది.

మావాడికి మిగిలిన ఆ ఏడాది ఏఎంసీ 8 అనే మిడిల్ స్కూల్ లెక్కల పోటీ పాత పేపర్లకు పనికొచ్చింది. 40 నిమిషాల్లో 25 లెక్కలు, క్యాలిక్యులేటర్ ఉండదు. మేం టైమర్ పెట్టలేదు. శనివారం పొద్దున ఒక్క లెక్క తీసుకుని, రెండు మూడు రకాలుగా చేసేవాడు. ఇప్పుడు తొమ్మిదిలో జామెట్రీ చదువుతున్నాడు. ఆల్జీబ్రా చేయి తప్పకుండా ఆ శనివారం లెక్క మాత్రం మానలేదు.