సీలింగ్ స్పీకర్లు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

సీలింగ్ స్పీకర్లు పెట్టించుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, ముందు కింద ఉన్న హోమ్ థియేటర్ సెట్ ఎలా ఉందని అడుగుతాను. ముందువైపు ఎడమ, కుడి, సెంటర్ స్పీకర్లు, సబ్‌వూఫర్ (బేస్ కోసం ఉండే స్పీకర్) బాగా కుదిరాకే పైకప్పు సంగతి. నేను వాడుతున్నది 5.1.4. అంటే చెవి ఎత్తులో ఐదు, ఒక సబ్, పైన నాలుగు. పై స్పీకర్లకు విడిగా శబ్దం పంపే డాల్బీ అట్మోస్ పద్ధతి 2012లో సినిమా హాళ్లకు, 2014లో ఇళ్లకు వచ్చింది. ఖర్చు, దుమ్ము, పనివాళ్లతో తంటా, అన్నీ 5.1.4లోని ఆ చివరి నాలుగు కోసమే.

గది నీట్‌గా కనిపిస్తుందని ఐదు స్పీకర్లనూ సీలింగ్‌లోకే ఎక్కించేవాళ్లున్నారు. నాకు అది అస్సలు నచ్చదు. తెర మీద మనిషి మాట్లాడితే మాట అతని నోటి దగ్గర నుంచి రావాలి గానీ ఆకాశవాణిలా నెత్తిమీద నుంచి కాదు. పైగా అన్నీ పైనే ఉంటే ఏ శబ్దం పైది, ఏది పక్కది అనే తేడాయే పోతుంది.

అసలు కీలకం స్పీకర్లు ఎక్కడ పెట్టాలన్నదే. ఫాల్స్ సీలింగ్ డిజైన్ గీసేవాళ్లు లైట్ల వరసకు సరిపోయేలా, గది నాలుగు మూలలకూ సమానంగా గుర్తులు పెట్టేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ లెక్క మొదలవ్వాల్సింది సోఫా నుంచి. పైన నాలుగు పెడితే ముందు జత మీ చెవి నుంచి చూసినప్పుడు 30 నుంచి 55 డిగ్రీల ఎత్తులో ఉండాలని డాల్బీ సూచన. వెనక జత కూడా దాదాపు అదే కోణంలో వెనకవైపు. 45 డిగ్రీలు పట్టుకుంటే లెక్క సులువు: కూర్చున్నప్పుడు చెవి మూడున్నర అడుగుల ఎత్తులో, సీలింగ్ తొమ్మిది అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. తేడా ఐదున్నర. కాబట్టి చెవికి ఐదున్నర అడుగులు ముందు ఒక జత, ఐదున్నర అడుగులు వెనక ఒక జత. అడ్డంగా చూస్తే ఇవి ముందున్న ఎడమ, కుడి స్పీకర్ల వరసలోనే ఉండాలి. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటే వెనక జతకు చోటే ఉండదు. అలాంటి గదిలో నాలుగు కోసం పాకులాడటం దండగ. రెండే కొని, తలకు కాస్త ముందుగా పెట్టుకోవడం మేలు. స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె, అంటే రిసీవర్, ఏడు ఛానెళ్లది ఉంటే చాలు, 5.1.2 అయిపోతుంది. నాలుగుకైతే తొమ్మిది ఛానెళ్ల ఆంప్లిఫైయర్ కావాలి.

బిగించే పని పెద్ద కష్టం కాదు. స్పీకర్‌తో వచ్చే అట్ట నమూనా పెట్టి గీత గీసి, జిప్సమ్ బోర్డు వెనక మెటల్ ఛానెల్ అడ్డు రాకుండా అయస్కాంతంతో వెతుక్కుని కోయడమే. ఆరున్నర అంగుళాల స్పీకర్‌కు సుమారు ఎనిమిది అంగుళాల రంధ్రం పడుతుంది. స్క్రూలు తిప్పుతుంటే బిగింపు రెక్కలు బయటికి విచ్చుకుని బోర్డును పట్టుకుంటాయి. చివర్లో డ్రిల్లుతో కాకుండా చేత్తో బిగించమనండి, లేకపోతే బోర్డు నలిగిపోతుంది. వైర్లు మాత్రం బోర్డు వేయకముందే లాగాలి. స్వచ్ఛమైన రాగివి, 14 లేదా 16 గేజ్‌వి చాలు. రాగి పూసిన అల్యూమినియం వైరు చవకే, కానీ దాని నిరోధకత ఎక్కువ. రెండు చివర్లా పేరు రాసిపెట్టండి. సీలింగ్ మూసేముందు మెటల్ ఛానెళ్లు, వైర్లు కనిపించేలా ఫొటోలు తీసుకోండి. నాకు అవి ఇప్పటికీ పనికొస్తున్నాయి.

కొన్నేళ్ల వాడకంలో నన్ను విసిగించింది ఒకటే, గరగర. స్పీకర్‌లో లోపమేమో అనిపిస్తుంది, కానీ చాలాసార్లు దోషం చుట్టుపక్కల వాటిదే. ఒకసారి లైటు ఫిట్టింగ్, ఒకసారి బోర్డు మీద వదులుగా పడున్న వైరు. తక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి మెల్లగా పైకి పోయే టోన్ వేసి, గరగర మొదలైనచోట ఒక్కో వస్తువునూ చేత్తో నొక్కిపెట్టి చూస్తే దొంగ దొరుకుతాడు. ఫోమ్ టేపు ముక్కతో సగం జబ్బు నయమవుతుంది. మిగతాది రిసీవర్‌లో క్రాసోవర్‌ను (ఏ ఫ్రీక్వెన్సీ కిందివి సబ్‌కి పంపాలో చెప్పే సెట్టింగ్) 80 నుంచి 100 హెర్ట్జ్‌కి జరిపితే తగ్గింది. ఎలాగూ బేస్ మోయాల్సింది సబ్ కదా.

వెనక డబ్బా లేని స్పీకర్ కిందికి ఎంత మోగుతుందో సీలింగ్ ఖాళీలోకీ అంతే మోగుతుంది. పై అంతస్తులో ఎవరైనా ఉంటే ఇది చిన్న విషయం కాదు. మూసి ఉన్న బ్యాక్ బాక్స్ ముందే పెట్టిస్తే గొడవ చాలావరకు తగ్గుతుంది. తర్వాత పెట్టించాలంటే మళ్లీ సీలింగ్ విప్పాలి.

ఇక వినడం సంగతి. వాన, హెలికాప్టర్, ఖాళీ హాల్లో ప్రతిధ్వని, ఇలాంటి చోట్ల గది పైకప్పు లేచిపోయినట్టే ఉంటుంది. కానీ సినిమాలో ఎక్కువసేపు పై స్పీకర్లు గప్‌చుప్‌గా ఉంటాయి. అది లోపం కాదు, మిక్స్ అలాగే చేస్తారు. పాత 5.1 సౌండ్‌ను డాల్బీ సరౌండ్ మోడ్‌లో పెడితే పైకి కూడా కొంత పంచుతుంది, రోజూ ఎక్కువగా వాడేది నేను ఇదే. పాటలకు మాత్రం ఆపేస్తాను.

అసలు పైనుంచి సౌండే రావడం లేదంటే వైరును అనుమానించేముందు టీవీ సెట్టింగ్స్ చూడండి. ఆడియో అవుట్‌పుట్ పీసీఎమ్‌లో (టీవీయే శబ్దాన్ని డీకోడ్ చేసి పంపే పద్ధతి) ఉంటే అట్మోస్ రిసీవర్‌దాకా రాకపోవచ్చు. స్ట్రీమింగ్ అట్మోస్ సాధారణంగా డాల్బీ డిజిటల్ ప్లస్ అనే ఫార్మాట్‌లో ఉంటుంది కాబట్టి మామూలు ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎమ్ఐ ద్వారా రిసీవర్‌కు పంపే దారి) సరిపోతుంది. బ్లూరే డిస్కుల్లోని ట్రూహెచ్‌డీ ఫార్మాట్‌ను టీవీ ద్వారా పంపాలంటే దానికన్నా మెరుగైన ఈఏఆర్‌సీ కావాలి.

అద్దె ఇల్లయితే సీలింగ్ కోయడం కుదరదు. పైకి తిప్పి పెట్టే స్పీకర్లు ఉన్నాయి గానీ అవి సీలింగ్‌కు తగిలి తిరిగొచ్చే శబ్దం మీదే ఆధారపడతాయి. సీలింగ్ చదునుగా, గట్టిగా, ఏడున్నర నుంచి పన్నెండు అడుగుల ఎత్తులో ఉంటే ఫరవాలేదు. వాలు పైకప్పుకో, శబ్దాన్ని పీల్చే టైళ్లున్న సీలింగ్‌కో వాటిని నేను సిఫారసు చేయను.