సండే స్కూల్ కబురు పిల్లల దాకా చేరాలంటే: ఏడేళ్ళు వాడి చూసిన మాట

సికింద్రాబాద్‌లో లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకి దగ్గర్లోని ఒక చిన్న తెలుగు క్రైస్తవ సంఘంలో నేను సండే స్కూల్ టీచర్ని, అంటే ఆదివారం పిల్లలకి బైబిల్ క్లాసు చెప్తాను. 2018 జూన్‌లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టర్ అయ్యగారు పిలిచి, "నువ్వు ఆఫీసులో కంప్యూటర్ ముందే కదమ్మా కూర్చుంటావు, పిల్లల పరిచర్య పబ్లిసిటీ నువ్వు చూసుకో" అన్నారు. నేను ఊ అనేలోపే పక్కనున్న పెద్దలు "ఆమెన్" అనేశారు. అప్పట్నించి ఏడేళ్ళపాటు ఫ్లెక్సీ, కరపత్రం, కాన్వా అనే డిజైన్ యాప్‌లో చేసిన పోస్టర్, వాట్సాప్ గ్రూపు, గూగుల్ ఫారం, ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి వేసే ప్రకటన, ఆఖరికి అర్ధరూపాయి పోస్ట్‌కార్డు, అన్నీ వాడాను. డబ్బు కట్టిన ప్రకటన సంగతి తప్ప మిగతావన్నీ ఒక్కోటీ కనీసం రెండు వేసవి వీబీఎస్‌లకీ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ బడి) రెండు క్రిస్మస్‌లకీ వాడాకే రాస్తున్నాను.

ముందు ఫ్లెక్సీ. చదరపు అడుగు లెక్కన చవకే, గేటుకి కడితే సంఘానికి పండగ కళ వస్తుంది, కమిటీవాళ్ళు దాని ముందు నిలబడి ఫోటో దిగుతారు. దాన్ని చూసి కొత్తగా వచ్చిన పిల్లలు ఎందరని రిజిస్టర్‌లో వెతికితే నాకు ఒక్కరూ కనబడలేదు. పైగా తెలుగు ఫ్లెక్సీకి ఒక సొంత టెన్షన్ ఉంది. మొదటి ఏడాది మేటర్ వాట్సాప్‌లో పంపాను. షాపాయన దాన్ని కాపీ చేసి తన పాత ఫోటోషాప్‌లో వేశాడు. మర్నాడు పొద్దున తెచ్చి కడితే "స్వాగతం"లో వకారం వత్తు కిందకి దిగకుండా పక్కనే నిలబడి ఉంది. "క్రీస్తు" సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చదివారు, పాపం తన చూపే చెడిందనుకుని.

తప్పు షాపాయనది మాత్రమే అనలేను. మనం ఫోన్లో కొట్టేది యూనికోడ్. చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ నడిచేది అను ఫాంట్లు, వాటి కోడింగ్ వేరు. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పడేస్తే గజిబిజి అవుతుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ వేసినా వత్తులు విడిపోతాయి. అందుకని ఇప్పుడు అక్షరాలు కూడా బొమ్మగా మారిపోయిన పీడీఎఫ్ మాత్రమే పంపుతాను, మేటర్ ఇవ్వను. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పెద్ద అక్షరాలకి రామభద్ర, కింద వివరాలకి మండలి. ఈ జోడీ నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

కాన్వా మంచి వస్తువే. ఫోన్లోనే పనవుతుంది, బస్సులో కూర్చుని కూడా పోస్టర్ చేశాను. కాకపోతే అందులో పిల్లల చర్చి కోసం ఉన్న టెంప్లేట్లలోని పిల్లలు మన పిల్లలు కారు. స్వెట్టర్లు వేసుకుని, రాలిన ఎర్రాకుల్లో గెంతుతుంటారు. మే నెల ఎండలో ఆ పోస్టర్ పెడితే మా రెండో తరగతి పాప "అక్కా, వీళ్ళు కూడా మన వీబీఎస్‌కి వస్తారా?" అని అడిగింది. ఆ ఏడాదే బొమ్మలు మానేశాను. ఇప్పుడు మార్చిలో ఒక ఆదివారం చార్ట్ కాగితాలు, స్కెచ్ పెన్నులు ఇచ్చి పిల్లలచేతే ఆ వేసవి కథ బొమ్మ గీయిస్తాం. ఒకటి ఎంచి, ఫోటో తీసి, దాని మీదే తేదీ, వేళ వేస్తాం. యోనా చేప తిమింగలంలా కాకుండా మోండా మార్కెట్ కొర్రమేనులా ఉన్నా ఫర్వాలేదు. బొమ్మ గీసిన పిల్ల తన అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన అది అంటించేదాకా ఊరుకోదు. ఆ పబ్లిసిటీ నేను చేయలేను.

ఇక వాట్సాప్. ఎక్కువ కాలం, ఎక్కువ తిట్టుకుంటూ వాడింది ఇదే. మొదట తల్లిదండ్రుల గ్రూపు పెట్టాను. వారం తిరిగేసరికి గుడ్ మార్నింగులు, రోజువారీ వాగ్దానాలు, తప్పిపోయిన పర్సు, ఎవరిదో స్వస్థత సాక్ష్యం, వాటి మధ్యలో ఎక్కడో నా "రేపు తొమ్మిదింటికి క్లాసు". అడ్మిన్లు మాత్రమే రాసేలా మారిస్తే గ్రూపు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఎవరూ లేరని తర్వాత తెలిసింది, అందరూ మ్యూట్‌లో పెట్టేశారు.

అసలు లోపం ఇంకోటి. నా దగ్గరున్న నంబర్లలో ముప్పాతిక మంది నాన్నలవి. నాన్న షిఫ్టు డ్యూటీలో ఉంటాడు, మెసేజ్ చూసి "సరే" అనుకుంటాడు, ఇంటికెళ్ళేసరికి మర్చిపోతాడు. ఆదివారం పొద్దున పిల్లకి తలస్నానం చేయించి, జడలేసి పంపేది అమ్మ. ఆమెకి కబురే లేదు. నేను సంవత్సరంన్నరపాటు తప్పు మనిషికి మెసేజ్ పెట్టాను. అమ్మల నంబర్లు, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలైతే అమ్మమ్మల నంబర్లు తీసుకున్నాకే హాజరులో కదలిక వచ్చింది.

గ్రూపు బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడమని ఎవరైనా సలహా ఇస్తారు. మంచిదే, ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ వెళ్ళినట్టు ఉంటుంది. అయితే ఒక లిస్టులో 256 మందికే చోటు. మా సంఘానికి అది ఎక్కువే అనుకోండి. ముఖ్యమైన మెలిక, మన నంబర్ వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే చేరుతుంది. లేకపోతే మనం పంపుతూనే ఉంటాం, అవతల ఏమీ రాదు. దీనికి పిల్లల్నే పనిలో పెట్టాను. "అమ్మ ఫోన్లో నా నంబర్ సండే స్కూల్ అక్క అని సేవ్ చేసి, నాకొక హాయ్ పెట్టిన వాళ్ళకి స్టిక్కర్" అన్నాను. రెండు వారాల్లో లిస్టు నిండింది. ఒకడు నాన్న, తాత, బాబాయి ఫోన్లలో కూడా సేవ్ చేసి నాలుగు స్టిక్కర్లు అడిగాడు, ఇవ్వక తప్పలేదు.

రాసి పంపడం దాదాపు మానేసింది లాక్‌డౌన్‌లో. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ ఆదివారమే వచ్చింది, ఆ రోజు మూసిన చర్చి తలుపులు చాలా నెలలు తీయలేదు. మా పిల్లల్లో చాలామంది ఇంగ్లీష్ మీడియం. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే బిక్కమొహం వేస్తారు. నేను ఎంత అందంగా తెలుగులో పోస్టర్ చేసినా వాళ్ళకది బొమ్మే. ఇంగ్లీష్‌లో చేస్తే అమ్మమ్మలకి అర్థం కాదు. అప్పుడు ముప్ఫై సెకన్ల వాయిస్ మెసేజ్ మొదలుపెట్టాను, వారానికొక బంగారు వాక్యం, అంటే కంఠతా పట్టాల్సిన బైబిల్ వచనం. పిల్లలు కంఠతా పట్టి తిరిగి వాయిస్ పంపాలి. వెనకాల కుక్కర్ విజిల్, టీవీలో వార్తలు, మధ్యలో అమ్మ అందించే మాట, అన్నీ కలిపి వచ్చేవి. ఏప్రిల్ 5న మట్టల ఆదివారం వచ్చింది, యేసుకి జనం మట్టలు పట్టుకుని హోసన్నా అంటూ ఎదురెళ్ళిన రోజు గుర్తుగా చేసే పండగ. ఇంట్లో ఉన్న ఏ పచ్చటి కొమ్మైనా పట్టుకుని హోసన్నా అని పంపమన్నాను. కొబ్బరి మట్ట ఎవరికి దొరుకుతుంది! తులసి కొమ్మ, కుండీలో మనీప్లాంటు, ఒక పాప చేతిలో కరివేపాకు రెమ్మ. వాళ్ళమ్మ తర్వాత ఫోన్ చేసి "ఆ రోజు కూరలో తాలింపుకి కరివేపాకు లేకుండా పోయింది టీచర్" అని నవ్వింది.

ఇప్పటికీ శనివారం సాయంత్రం ఏడింటికి ఒక్క వాయిస్ మాత్రమే పంపుతాను. ఈ మధ్య నా గొంతు కూడా తీసేశాను, వారానికొక పిల్లాడో పిల్లో మాట్లాడతారు. పెద్దవాళ్ళ ప్రకటన కంటే అది బాగా పనిచేస్తుంది. ఆరాధన చివర ప్రకటనలప్పుడూ అంతే. అయ్యగారు చదివితే జనం చెప్పులు వెతుక్కుంటుంటారు. ఆరేళ్ళ పిల్ల మైకు అందక మునివేళ్ళ మీద నిలబడి "వచ్చే ఆదివారం అందరూ రావాలి" అంటే మెట్ల దాకా వెళ్ళినవాళ్ళు కూడా ఆగి చూస్తారు.

గూగుల్ ఫారం, క్యూఆర్ కోడ్ గురించి రెండు మాటలు చాలు. ఉద్యోగాల్లో ఉన్న నలుగురైదుగురు నింపారు. మిగతా అందరి పేర్లూ గేటు దగ్గర కుర్చీ, రిజిస్టరు వేసుకుని కూర్చున్న ఆంటీయే రాసింది. ఫేస్‌బుక్ ప్రకటనకి వెయ్యి రూపాయలు కట్టాం, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో లైకులొచ్చాయి, ఒక్క పిల్లా రాలేదు. కరపత్రాలు మా గల్లీ చివర మిర్చి బజ్జీల బండికి బాగా ఉపయోగపడ్డాయి.

కాగితంలో నాకు లాభించింది టైంటేబుల్ కార్డు. తెలంగాణలో బళ్ళు జూన్ 12న తెరుస్తారు. ఆ ముందు ఆదివారం అట్ట మీద అచ్చు వేయించిన ఖాళీ టైంటేబుల్ ప్రతి పిల్లకీ ఇస్తాం. సోమవారం నుంచి శనివారం దాకా గళ్ళు ఖాళీగా ఉంటాయి, బడిలో ఏ పీరియడ్ ఏదో వాళ్ళే రాసుకోవాలి. ఆదివారం గడి మాత్రం ముందే నిండి ఉంటుంది: "9 గంటలు, సండే స్కూల్". ఇదేదో ప్రచార కాగితం అనిపించదు, వాళ్ళకి రోజూ పనికొచ్చే వస్తువు. ఏప్రిల్ దాకా బీరువా తలుపు మీద ఉంటుంది. మా సంఘానికి రాని ఇళ్ళ పిల్లలు కూడా అడిగి తీసుకెళ్తారు. వాళ్ళకి ఆదివారం గడి ఖాళీగా ఉన్న కార్డు ఇస్తాను. అమ్మానాన్నలు సరేనని సంతకం చేయకుండా ఏ పిల్లనీ క్లాసులో కూర్చోబెట్టం. చాక్లెట్లు, పెన్సిల్ బాక్సులు చూపించి పిలవడం కూడా నాకు నచ్చదు. కొందరు టీచర్లకి ఈ విషయంలో నామీద కోపం.

ఇప్పుడు పోస్ట్‌కార్డు. ఇది నా ఆలోచన కాదు, రైల్వే మెయిల్ సర్వీసులో చేసి రిటైరైన మా సంఘం పెద్దాయన చెప్పారు. మన దేశంలో పోస్ట్‌కార్డు 1879లో వచ్చింది, ఇప్పటికీ 50 పైసలే. రెండు వారాలు వరుసగా రాని పిల్లకి, పుట్టినరోజు వచ్చిన పిల్లకి చేత్తో రాస్తాను. అమ్మానాన్నల పేరు కాదు, పిల్ల పేరే రాయాలి, "చిరంజీవి" అని ముందు పెట్టి. లోపల నాలుగు ముక్కలు. "నువ్వు రాలేదు, దావీదు గొల్యాతుని ఏం చేశాడో సగంలో ఆపాం, మిగతా సగం నీకోసం ఉంచాను" లాంటిది.

నాలుగో తరగతి పిల్లాడు ఒకడు, క్వార్టర్స్‌లో ఉండేవాడు, వానాకాలంలో నెల్లాళ్ళు రాలేదు. వాట్సాప్‌లో వాళ్ళమ్మకి మూడుసార్లు పెట్టాను, మూడు బొటనవేళ్ళు వచ్చాయి. కార్డు రాశాను. పోస్ట్‌మ్యాన్ గేటు దగ్గర సైకిలాపి వాడి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా పిలిచాడట. బడి రిజిస్టర్‌లో తప్ప ఎక్కడా వినని పేరు. ఆదివారం వాడు ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చున్నాడు. కార్డు చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టి ఉంది, చెమటకి సిరా అలుక్కుపోయింది. "చదివావా?" అంటే "నాకు తెలుగు చదవడం రాదు కదక్కా, తాత చదివాడు, ఐదుసార్లు" అన్నాడు. ఆ తాత ఆ రోజు వాడితో పాటు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

కార్డుకీ లోపాలున్నాయి. మా దగ్గరి పోస్టాఫీసులో అడిగినప్పుడల్లా స్టాకు ఉండదు. ఎప్పుడు చేరుతుందో తెలియదు కాబట్టి పుట్టినరోజువి పదిరోజుల ముందే వేయాలి. రాయడానికి వారానికి గంటన్నర పడుతుంది. రెండొందల మంది పిల్లలున్న పెద్ద సంఘాల్లో ఒక్కరివల్ల కాదు, క్లాసు టీచర్లు పంచుకోవాలి.

ఫోటోల గురించి హెచ్చరిక. మొదట్లో ప్రతి ఆదివారం పిల్లల ముఖాలతో స్టేటస్ పెట్టేదాన్ని. ఒక తల్లి పక్కకి పిలిచి, "మా ఇంట్లో గొడవలున్నాయి, మేమిక్కడ ఉన్నట్టు కొందరికి తెలియకూడదు, పాప ఫోటో తీసేయండి" అంది. నాకు చేతులు చల్లబడ్డాయి. అప్పట్నించి జూన్‌లోనే అనుమతి కాగితం తీసుకుంటాం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పద్దెనిమిదేళ్ళ లోపువారి వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలనే అంటుంది. అనుమతి ఉన్నా ముఖం, పేరు కలిపి పెట్టను. మట్టి పిసికే చేతులు, వెనకనుంచి తీసిన వరసలు, వాళ్ళు చేసిన ఓడ బొమ్మ, ఇవి చాలు.

సండే స్కూల్‌కి ప్రచారమేమిటి, దేవుడే నడిపిస్తాడు అనేవాళ్ళు మా సంఘంలోనూ ఉన్నారు. వాళ్ళకి రాబర్ట్ రేక్స్ సంగతి చెప్తాను. 1780లో ఇంగ్లాండ్‌లోని గ్లాస్టర్‌లో వీధి పిల్లలకి ఆదివారం బడి పెట్టిన ఆయన పాస్టర్ కాదు, పత్రిక నడిపేవాడు. 1783లో తన పత్రికలోనే ఆ బడి గురించి రాశాకే అది ఊరూరా పాకింది. దీనికి కమిటీలో నవ్వారు గానీ, ఈసారి బడ్జెట్‌లో ఫ్లెక్సీ రెండు నుంచి ఒకటికి తగ్గించి, మిగిలిన డబ్బు టైంటేబుల్ అట్టలకిచ్చారు.

ప్రస్తుతం చిరునామాల పుస్తకం సరిచేస్తున్నాను. క్వార్టర్స్ మారినవాళ్ళు, బదిలీ మీద కాజీపేట వెళ్ళినవాళ్ళు కలిపి పద్నాలుగు ఇళ్ళు తేలాలి. శనివారం ఇద్దరు పెద్ద పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తున్నాను.